పొరుగు కాగితం

నెల రోజులు జనాభా లెక్కల పని మీద ఊళ్ళు పట్టుకు తిరిగి, మొహం నల్లబడి, కాళ్ళు వాచి తిరిగొచ్చిన మంగతాయారు తన దస్త్రాల గది తలుపు తీసి లోపలికి ఒక్క అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు.

గది శుభ్రంగా ఉంది. అంతకంటే ఘోరం ఇంకేముంటుంది!

ఎదురుగోడ బీరువాలో నల్లవాగు ప్రాజెక్టు కట్టలు నలభై రెండు ఉండాలి. ఎర్రగుడ్డలో చుట్టి, దారంతో బిగించి, దుమ్ము పట్టి, ఒకదాని మీద ఒకటి. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా ఏది ఎక్కడుందో తెలిసే కట్టలు. ఒక్కటీ లేదు. వాటి చోట తెల్లటి అట్టపెట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మీదా ముత్యాల్లాంటి అక్షరాలు. ‘అర్జీలు’, ‘చెట్లు, తోటలు’, ‘పటాలు’, ‘ప్రజారోగ్యం’, ‘రోడ్లు’. ఆ దస్తూరీ ఎవరిదో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాతికేళ్ళుగా ఇంటి సరుకుల చీటీ ఆ దస్తూరీలోనే ఉంటోంది.

"ఎట్టా ఉంది?" అన్నాడు వెనక నుంచి పానకాలరావు, ఆవిడ మొగుడు. గొంతులో సంబరం. "నువ్వొచ్చేసరికి అవగొట్టాలని ఆదివారాలు కూడా కూర్చున్నా. అయిదు వేల రెండొందల కాగితాలు తాయారూ! ఇప్పుడెవరొచ్చి ఏ విషయం అడిగినా రెండు నిమిషాల్లో తీసిస్తా."

"కట్టలేవి?" అంది తాయారు.

"విప్పేశాగా."

"దారాలేవి?"

"పాత దారాలు మనకెందుకు? పారేయించా. గుడ్డలు మాత్రం ఉతికించి పెట్టా."

తాయారు చేతిలో సంచీ కింద పడింది. "మీ చేతులు పడిపోను!" అంది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆవిడ మొగుణ్ణి ఎన్నో అంది గానీ, అంత మాట ఎప్పుడూ అనలేదు. అన్నాక చింతించనూ లేదు.

ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటో చెప్పాలంటే ముందు పైవాళ్ళ తెలివి చెప్పాలి. జిల్లాలో పానకాలరావు గ్రంథాలయాధికారి. తాయారు దస్త్రాల భాండాగారం అధికారిణి. ఆయన పుస్తకాల మనిషి, ఆవిడ కాగితాల మనిషి. రెండేళ్ళ కిందట రాజధాని నుంచి ఒక పెద్దాయన దిగి, రెండు ఆఫీసుల్నీ చెరో పది నిమిషాలు చూసి, "రెండుచోట్లా ఉన్నది పాత కాగితాలేగా! ఇద్దరధికారులెందుకు?" అని రెంటినీ కలిపి ‘జిల్లా జ్ఞానకేంద్రం’ అని పేరు పెట్టేశాడు. పెత్తనం పానకాలరావుకిచ్చాడు. ఆ రోజు తాయారు భోజనం దగ్గర అగ్గిరాముడైపోయింది.

"మంత్రసానీ మనుషులతోనే పనిచేస్తుంది, కాటికాపరీ మనుషులతోనే పనిచేస్తాడు. ఇద్దరికీ ఒకటే ఉద్యోగం ఇస్తారా? మీ పుస్తకం పోతే ఇంకో ఊళ్ళో ఇంకోటి ఉంటుంది. నా కాగితం పోతే పోయినట్టే! మీరు పుస్తకాన్ని ‘నువ్వు దేని గురించి’ అని అడుగుతారు. నేను కాగితాన్ని ‘నిన్నెవరు రాశారు, ఎవరి పక్కన పడుకున్నావు’ అని అడుగుతా. అది మీ పెద్దాయనకి బుర్రకెక్కదేం?"

"రెండూ చదివేవాళ్ళ కోసమేగా తాయారూ," అన్నాడాయన నిదానంగా, మజ్జిగ పోసుకుంటూ. ఆ నిదానం చూస్తే ఆవిడకు మరీ ఒళ్ళు మండేది. ఒకసారి ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయన పోపులపెట్టెను అక్షరక్రమంలో సర్దిపెట్టాడు. ఆవాలు, ఎండుమిరప, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు. తాలింపు వేసే చెయ్యి ఏ వరసలో వెళుతుందో ఆ వరసే అసలు వరస అని ఆవిడ ఆయనకు మూడు రోజులు క్లాసు పీకింది. నవ్వుతూనే పీకింది. ఇప్పుడు నవ్వు రాలేదు.

ఎందుకంటే వెనకగదిలో పొరుగమ్మ ఉంది.

పొరుగమ్మ అంటే మనిషి కాదు, యంత్రం. ఫరీదా అనే భౌతికశాస్త్రవేత్త తొమ్మిదేళ్ళు కష్టపడి చేసింది. రెండు కాగితాలు ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి బరువు కింద పడి ఉంటే, ఒకదాని సిరాలోని ఇనుమూ పులుపూ రెండోదానిలోకి కొంచెం కొంచెంగా దిగుతాయి. కంటికి కనబడదు, భూతద్దానికీ కనబడదు. పొరుగమ్మ వెలుగు కింద పెడితే మాత్రం, తెల్లగా ఉన్న కాగితం మీద దాని పక్కనున్న కాగితం రాత నీలినీడలా తేలుతుంది. పక్కకాగితం చిరిగినా, కాలినా, ఎవడైనా దొంగ చింపుకుపోయినా సరే. పక్కింట్లో ఏం జరిగిందో పొరుగింటావిడకు తెలియకుండా ఉంటుందా! పేరు పెట్టింది తాయారే.

ఒకటే చిక్కు. నీడను పైకి తేల్చే వెలుగే ఆ నీడను తినేస్తుంది. ఒక్కసారే చదవగలం. రెండోసారికి అక్కడేమీ ఉండదు. అందుకని భూముల తగవులు తీర్చే ట్రిబ్యునల్ అనుమతి లేకుండా ఏ కాగితాన్నీ దాని కింద పెట్టకూడదని నియమం.

ఆ అనుమతి కోసం పదకొండేళ్ళు తిరిగింది దీవెనమ్మ. నల్లవాగు జలాశయంలో మునిగిన మేడికుర్తి ఊరి మనిషి. యాభై ఏళ్ళుంటాయి, మిరపకోతలకు పోతుంది, వాయిదా ఉన్న రోజు కూలి మానుకుని వస్తుంది. డెబ్బై ఏళ్ళ కిందట ఊరు ఖాళీ చేయించినప్పుడు, సొంత భూమి లేని కుటుంబాలకు మిట్ట మీద మూడేసి ఎకరాలు ఇస్తామని ఒక జాబితా రాశారు. పేర్లు రాసి, కాగితం వెనక వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ కాగితాన్ని ఎవడో మహానుభావుడు కట్టలోంచి చింపేశాడు. దారానికి చిటికెనవేలంత చిరుగుముక్క మాత్రం మిగిలింది. ఆ ముక్కను పట్టుకున్నది తాయారు. ముక్కకు పైనున్న కాగితం వీపు మీద పేర్ల నీడ ఉంటుంది. కిందనున్న కాగితం ముఖం మీద వేలిముద్రల నీడ ఉంటుంది. పెన్సిలు ఒత్తిడి పడినా నీడ చెదురుతుందని ఫరీదా చెబితే, తాయారు ఆ కాగితాలకు అంకెలు కూడా వేయలేదు. వరసే అంకె అనుకుంది. ట్రిబ్యునల్ అనుమతి వచ్చింది, పేషీకి నెల పైన గడువిచ్చారు. ఇంతలో జనాభా లెక్కలు వచ్చిపడ్డాయి. ఇప్పుడా పేషీ వచ్చే గురువారమే.

"ఎక్కువమంది అడుగుతున్నవి అవేగదా అని వాటితోనే మొదలుపెట్టా," అన్నాడు పానకాలరావు. మొహం అప్పటికే పాలిపోయింది. "ఆ యంత్రం పని వేరే కట్టల్లో అనుకున్నా తాయారూ."

"అనుకున్నారు! నన్నడిగారా? ఫోను లేదా మీ దగ్గర?"

"నువ్వొచ్చి చూసి సంతోషిస్తావని…"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అదీ సంగతి. పాపం ఆయన దొంగా కాడు, లంచగొండీ కాడు. ఆ కాగితాలను బిడ్డల్లా చూసుకున్నాడు. అందుకే ఆవిడకు మరింత మంట. దొంగనైతే పోలీసులకు పట్టించవచ్చు. ప్రేమగా కొంప ముంచినవాణ్ణి ఎవరికి పట్టిస్తాం?

మర్నాడు పొద్దున ఇంట్లో ఆవిడ ఆయనకు కాఫీ ఇవ్వలేదు. ఆయనే పెట్టుకుని, ఆవిడకో గ్లాసు తెచ్చాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"ఒకటి చెట్ల లెక్క, ఒకటి టీకాల లెక్క. అచ్చం అట్టాంటివి వందలున్న అయిదు వేల కాగితాల్లో ఆ రెండూ ఏవో ఎట్టా పట్టుకోను?" అంది గోడకేసి చూస్తూ. "కనబడిందల్లా యంత్రం కింద పెట్టేనా? వాటిలో ఇంకో పదిహేను ఊళ్ళ వాళ్ళ నీడలున్నాయి. దీవెనమ్మ తాత పేరు కోసం వాళ్ళందరి తాతల్నీ కాల్చనా? పోనీ ఆమెకి ఏమని చెప్పమంటారు? ‘మా ఆయన నీ తాతను ప్రజారోగ్యం పెట్టెలో పెట్టాడమ్మా, చాలా నీటుగా పెట్టాడు’ అని చెప్పనా?"

పానకాలరావు ఆవిడ ముట్టుకోని గ్లాసు పక్కకు జరిపాడు. "యాక్సెషన్ రిజిస్టరు ఉంది."

"ఏంటీ?"

"గ్రంథాలయంలోకి ఏది వచ్చినా ముందు రిజిస్టర్లో ఎక్కించి, అంకె వెయ్యందే అరలో పెట్టం. ముప్పయ్యేళ్ళ అలవాటు. కట్ట విప్పి, పై నుంచి ఒక్కో కాగితం తీసి, అంకె వేసి, రిజిస్టర్లో రాసి, అప్పుడే విషయం చూసి పెట్టెల్లో వేశా. ఏ వరసలో తీశానో ఆ వరసలోనే అంకెలున్నాయి."

తాయారు గిరుక్కున తిరిగి ఆయన మొహంలోకి చూసింది. చెప్పులేసుకుని బయల్దేరింది. ఆయన వెనకాలే పరుగెత్తాడు.

రిజిస్టరు తెరిస్తే ఆ ముత్యాల అక్షరాలే. ఒక్క కొట్టివేత లేదు. తాయారు వేలు వరసల మీద జారింది. నాలుగువేల ఎనభై ఆరు, తాడిచెట్ల లెక్క. దాని పక్కన చివరి గడిలో చిన్న అక్షరాలతో ఒక మాట: ‘దీని తర్వాత దారానికి చిరుగుముక్క ఉన్నది, అంకె ఇవ్వలేదు, పారవేయడమైనది.’ నాలుగువేల ఎనభై ఏడు, మశూచి టీకాల లెక్క.

పారవేసిన చిరుగుముక్కను కూడా రాసిపెట్టాడీ మనిషి! తాయారుకు ఆయన్ని కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. "పెట్టెల్లోంచి ఆ రెండూ తీయండి," అంది. ఆయన చెప్పినట్టే రెండు నిమిషాల్లో తీశాడు.

తాడిచెట్ల లెక్కను వీపు పైకి ఉండేలా తిప్పింది తాయారు.

కాగితం వీపు తెల్లగా ఉంది. అడుగున మాత్రం ఊదారంగులో, కోడిగుడ్డంత గుండ్రటి రబ్బరుస్టాంపు. ‘జిల్లా జ్ఞానకేంద్రం, ప్రవేశ సంఖ్య 4086.’

"ముందువైపు రాత ఉందిగా," అన్నాడు పానకాలరావు. "రాత పాడవకూడదని వెనక ఖాళీ చోట వేశా. అన్నిటికీ అంతే."

"ఖాళీ చోటా!" అరిచింది తాయారు. "ఖాళీ ఎక్కడుందండీ? ఆ ఖాళీలోనేగా వాళ్ళున్నది!"

గురువారానికి రెండు రోజుల ముందు, ట్రిబ్యునల్ గుమాస్తా సాక్షిగా, పొరుగమ్మ కింద ఆ కాగితాన్ని పెట్టారు. దీవెనమ్మను కూడా రమ్మన్నారు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని గోడవారన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. స్టాంపు సంగతి తాయారు ముందే చెప్పింది. ఆమె "చూద్దాంలేమ్మా" అని ఊరుకుంది.

ఫరీదా మీట నొక్కింది. చిన్న జుమ్మనే చప్పుడు. తెర మీద పై నుంచి కిందికి వరుసలు తేలసాగాయి. తిరగబడి పడ్డ నీడలను యంత్రమే తిన్నగా తిప్పి చూపిస్తోంది. కొమ్మినేని వీరరాఘవులు, మూడెకరాలు. షేక్ మస్తాన్, మూడెకరాలు. వడ్డె అంకమ్మ. మంగలి కోటయ్య. డెబ్బై ఏళ్ళు ఎవరికీ కనబడని పేర్లు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతుంటే ఫరీదా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పది. పదకొండు. పన్నెండు.

పదమూడో వరసలో తెర భగ్గుమంది. స్టాంపు సిరా వెలుగును పట్టి మండిపోతోంది. గుండ్రటి తెల్లటి మంట. దాని కింద ఏముందో ఏమీ తెలియదు. ఫరీదా వెలుగు తగ్గించింది, పెంచింది, ఏదో గొణిగింది. జుమ్మనే చప్పుడు ఆగిపోయింది.

"అంతే మేడం," అంది ఫరీదా. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. "మళ్ళీ చదవడానికి ఇక లేదు."

పన్నెండు పేర్లలో దీవెనమ్మ తాత గురవయ్య పేరు లేదు.

"అడుగునే ఉంటాది," అంది దీవెనమ్మ. కేక వేయలేదు. ఆ మాట అనడానికి ముందే తెలిసినట్టు అంది. "మా పేటోళ్ళ పేరు ఎవురు రాసినా అడుగునే రాత్తారు. కూడు అడుగునే, నీళ్ళు అడుగునే, పేరూ అడుగునే. తవరు ముద్రలేసేదీ అడుగునే గదా సారూ. ఇంక మా మీద గాక ఎవురి మీద పడతాది?"

పానకాలరావు గోడకు ఆనుకున్నాడు. ఆయన ఏ కులం చూసి వేయలేదు ఆ ముద్ర. ఏ పేరు మీదా వేస్తున్నాననుకోలేదు. అయినా ముద్ర పడింది అక్కడే.

రెండో కాగితం, మశూచి టీకాల లెక్క, చదివారు. దాని ముఖం మీద టీకాల అంకెల మధ్య వేలిముద్రల నీడలు తేలాయి. తాయారు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పదమూడు.

గురువారం ట్రిబ్యునల్ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ప్రభుత్వం తరఫు వకీలు నున్నగా మాట్లాడాడు. పన్నెండు పేర్లు స్పష్టంగా ఉన్నాయి కనుక అభ్యంతరం లేదన్నాడు. పదమూడోది మాత్రం ఒప్పుకోలేమన్నాడు. "వేలిముద్ర ఉంది, పేరు లేదు. ఆ ముద్ర సాక్షిదో, గ్రామనౌకరుదో కావచ్చు. స్టాంపు కింద పేరుందని ఎవరు చూశారు?"

తాయారు లేచింది. చెప్పాలనుకున్నవి వంద ఉన్నాయి. ఆవిడ నోరు తెరిచేలోపు పక్కన కుర్చీ కిర్రుమంది.

పానకాలరావు నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక కాగితం. "నేను చెప్పాలండీ," అన్నాడు.

"కూర్చోండి," అంది తాయారు పళ్ళబిగువున. "ఉద్యోగం పోతుంది."

"పోనీ." ఆయన కాగితం చదివాడు. సరుకుల చీటీ చదివినట్టే, నిదానంగా, ఒక్కో మాటా. ప్రభుత్వ రికార్డు కట్టలను భాండాగారం అధికారిణికి తెలియకుండా తానే విప్పాననీ, కాగితాల వరస చెరిపాననీ, 4086 నంబరు కాగితం వెనక అడుగున తన చేత్తోనే స్టాంపు వేశాననీ. అక్కడొక వరస ఉండేందుకు చోటుందనీ, పై పన్నెండు వరసల మధ్య దూరాన్ని బట్టి పదమూడో వరస సరిగ్గా ఆ స్టాంపు కిందికే వస్తుందనీ. ఆ పేరు చెరిగిపోయింది ఆమె తప్పు వల్ల కాదు, ఈ ఆఫీసు తప్పు వల్లననీ. కింద సంతకం, తేదీ.

వకీలు నవ్వాడు. "ఇది పశ్చాత్తాపమండీ, సాక్ష్యం కాదు."

ట్రిబ్యునల్ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పన్నెండు కుటుంబాలకు భూమి మంజూరు. పదమూడో క్లెయిము వాయిదా. కొత్త రుజువేదైనా దొరికితే చూద్దాం. ప్రభుత్వ రికార్డును పాడు చేసినందుకు పానకాలరావు మీద శాఖాపరమైన చర్య.

పన్నెండు కుటుంబాలకు భూమి తెచ్చిపెట్టిన దీవెనమ్మ వరండాలోకి వచ్చి మెట్ల మీద కూర్చుంది. తాయారు వెళ్ళి పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలేవీ ఆవిడకు రాలేదు. వచ్చినా అనేది కాదు.

"నాకు ఒళ్ళు మండిపోతోంది దీవెనమ్మా," అంది. "మా ఆయన మీద, కలిపినోడి మీద, చింపినోడి మీద. నా మీదా."

"మండనీ," అంది దీవెనమ్మ. "ఆర్పుకోమాక. పదకొండేళ్ళు నేను దాంతోనే నడిచా." కాసేపాగి అంది: "ఆ ముద్ర తుడుత్తారా అమ్మా?"

"ఏదో మందు వేసి తుడవచ్చంటున్నారు. కింద ఏమీ మిగలదు."

"తుడవనీమాక. మా తాత అడుగునే ఉండాడని ఆ ముద్రే సాచ్చికం."

మర్నాడు తాయారు రిజిస్టరు ముందేసుకుని ఆ కట్టను తిరిగి కట్టడం మొదలుపెట్టింది. అట్టపెట్టెల్లోంచి ఒక్కో కాగితం తీసి అందించింది పానకాలరావే. సస్పెన్షన్ ఉత్తర్వు ఇంకా చేతికి రాలేదు. వచ్చేలోపు పని అవ్వాలని ఇద్దరికీ తెలుసు. ఆయన అంకె చదివేవాడు, ఆవిడ బోర్లా పేర్చేది.

నాలుగువేల ఎనభై ఆరు వచ్చింది. తాయారు దాన్ని పేర్చి ఆగింది. కట్టలో కొత్త కాగితం చేర్చకూడదు. అది ఆవిడ వృత్తిలో మొదటి పాఠం. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

"మీరు ట్రిబ్యునల్లో చదివింది ఇటివ్వండి," అంది.

"వాళ్ళకిచ్చింది నకలేగా, అసలు అడిగితే…"

"నకలు వాళ్ళ దగ్గరుండనీండి. మీ చేత్తో రాసింది, సిరాతో రాసింది కావాలి."

ఆయన జేబులోంచి తీసిచ్చాడు. ఆవిడ దాన్ని, చింపుకుపోయిన జాబితా ఉండాల్సిన చోట, ఊదారంగు స్టాంపుకు ముఖాముఖిగా పెట్టింది. రిజిస్టరు చివరి గడిలో ‘ఇది కొత్తగా చేర్చినది, చేర్చినది నేను’ అని రాసి సంతకం చేసింది. దాని మీద టీకాల లెక్క పేర్చింది. గుడ్డ చుట్టింది, దారం వేసింది. కట్ట మీద మోకాలు పెట్టి, దారం వేళ్ళకు కోసుకునేదాకా లాగి బిగించింది.

"అంత బిగించకు, నలుగుతాయి," అన్నాడు పానకాలరావు మెల్లగా.

"నలగాలి," అంది తాయారు, ఇంకో ముడి వేస్తూ. "బాగా దిగాలి."